క్లచ్చమ్మ మాట

ఆ వేసవి సెలవుల్లో మా ఆయన పొద్దున్నే లేచి, మొహమైనా కడుక్కోకుండా బండి కింద దూరేవారు. నేను టీ పట్టుకుని వెళ్తే ముందు రెండు పాదాలు కనిపించేవి, తర్వాత మాట వినిపించేది.

"అక్కడ పెట్టు."

అక్కడంటే ఎక్కడో ఆయనకే తెలియాలి. బంపరు మీద పెట్టి, కళ్ళద్దాల దుకాణంలో నా పనికి నేను వెళ్ళిపోయేదాన్ని. మధ్యాహ్నం వచ్చేసరికి టీ గ్లాసు అక్కడే ఉండేది, దాని మీద ఈగ కూడా అక్కడే ఉండేది.

బండి మా అత్తయ్యది. ఎత్తుగా, పెట్టెలా ఉంటుంది. ఇలాంటివాటిని ఇప్పుడు ఎస్‌యూవీలంటున్నారు, ఆవిడ కొన్నప్పుడు పెద్ద బండి అనేవారు, అంతే. అత్తయ్య ఆడవాళ్ళకి డ్రైవింగ్ స్కూలు నడిపింది. మా ఊళ్ళో స్టీరింగు పట్టిన ఆడవాళ్ళలో చాలామంది ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళే. "క్లచ్! క్లచ్ తల్లీ, క్లచ్!" అని ఆవిడ అరిస్తే, వీధి చివర మిషను కుట్టుకునే టైలరు కూడా ఉలిక్కిపడి కాలు నొక్కేవాడని చెప్పుకునేవారు. అలా ఆవిడ క్లచ్చమ్మ అయిపోయింది. చిన్న కారు మీద చెయ్యి తిరిగాక, ఆఖరి పాఠం మాత్రం ఈ పెద్ద బండిలో, కొండ దారి మీద.

ఆ గొంతు చలికాలంలో ఒక ఉదయం ఆగిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. కాలు కొంత తేరుకుంది. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తుంది. మాటే రాలేదు. వస్తే ఒకటీ అరా.

"నోటికొచ్చిన మాట ఆవిడ అనుకున్న మాటే అయ్యుండాలని లేదు," అన్నాడు డాక్టరు. "నీళ్ళు కావాలనుకుని కుర్చీ అనొచ్చు. సందర్భాన్ని బట్టి మీరే కనిపెట్టుకోవాలి."

మేం బాగా కనిపెట్టుకున్నాం. ఆవిడ నోరు తెరవడమే ఆలస్యం, ముగ్గురం మూడు వస్తువులు తెచ్చి ముందు పెట్టేవాళ్ళం. మూడోమనిషి మా వదిన, అంటే మా ఆయన అక్క. పక్క ఊళ్ళోనే ఉంటుంది, సాయంత్రాలు వచ్చి పోతుంది.

కొండ మీది ఊళ్ళో, ఇలా మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ మాటలు నేర్పే సెంటరు ఒకటి ఉంది. వారానికోసారి తీసుకెళ్తే పాఠం చెబుతారు. అక్కడే గది తీసుకుని ఉండేవాళ్ళకి రోజూ చెబుతారు. వదిన మొదటినుంచీ అమ్మని అక్కడే చేర్పిద్దామంటోంది.

"అమ్మని ఎక్కడో వదిలెయ్యడానికి నేనేం చచ్చానా?" అన్నారు ఈయన.

"నువ్వు నిక్షేపంగా ఉన్నావురా. బండే చచ్చేట్టుంది," అంది వదిన.

చివరికి సెంటరులో మాటల టీచరు మధ్యేమార్గంగా ఒకటి చెప్పింది. సెలవుల చివర ఒకసారి పరీక్ష పెడుతుంది. అప్పటిదాకా పాఠాలు తప్పకుండా తీసుకొస్తే సరే, ఇంట్లోనే ఉంచుకోవచ్చు. రాకపోకలు కుదరకపోతే మాత్రం అక్కడ చేర్చాల్సిందే. పాఠం ఆగిపోతే ఉన్న రెండు మాటలూ పోతాయి.

అంటే ఇక బండి కొండ ఎక్కితే అత్తయ్య ఇంట్లో ఉంటుంది. ఎక్కకపోతే ఉండదు.

మా ఆయన స్కూలు ఆఫీసులో పనిచేస్తారు. సెలవులివ్వగానే, కారుతున్న వాటర్ పంపు తీసేసి కొత్తది ఆయనే బిగించారు. రెండు రబ్బరు గొట్టాలు మార్చారు. ఫోను బానెట్ లోపల నిలబెట్టుకుని, అందులో ఎవరో చెబుతుంటే ఒక్కో బోల్టూ విప్పారు. మెకానిక్కుకి ఇవ్వచ్చు కదా అంటే, "అమ్మ బండిని ఎవడి చేతిలోనో పెట్టనా?" అన్నారు. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన గొంతు కొంచెం పెరిగేది, మేడ మీదివాళ్ళకి కూడా వినపడాలన్నట్టు. అప్పటికి మేడ మీద ఎవరూ లేరు.

ఆ మరమ్మతు తర్వాత మొదటిసారి కొండెక్కినప్పుడు నేను ముందు సీట్లో ఉన్నాను. అత్తయ్య వెనక, దిండ్ల మధ్య. చదునుగా ఉన్నంతసేపూ బండి చక్కగా పోయింది. ఈయన పాట కూడా ఎత్తుకున్నారు. రెండో మలుపు తిరిగాక పాట ఆగింది. వేడి చూపించే ముల్లు సగం దాటి ఎర్ర గీత వైపు నడుస్తోంది.

"హీటరు పెడతా," అన్నారు.

"ఈ ఎండలోనా?"

"ఇంజను వేడి కొంత లోపలికి లాగుతుందట. ఫోనులో చెప్పాడు."

మీట పూర్తిగా తిప్పారు. నేను మొహానికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. వచ్చింది మామూలు గాలి, అంతకంటే కాస్త చల్లగానే ఉంది.

"వేడి రావాలే!" అన్నారు ఆయన.

"రాకపోతే మంచిదేగా."

అప్పుడు వెనకనుంచి అత్తయ్య అంది. "గాలి."

"ఏంటమ్మా?"

"గాలి! గాలి!" ఎడమ చేత్తో సీటు మీద దబదబా కొట్టింది.

"ఉక్కపోస్తోంది పాపం, అద్దం దించు," అన్నారు ఈయన. నేను వెనక్కి వంగి అద్దం దించాను. ఆవిడ నా చెయ్యి తోసేసింది. రెండో అద్దం కూడా దించాను. ఈలోపల బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. చెట్టు నీడ చూసి ఆపి, చాలాసేపు కూర్చుని, వెనక్కి తిరిగి వచ్చేశాం. దారంతా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది గానీ, మళ్ళీ నోరు విప్పలేదు. గాలి తగిలాక కుదుటపడిందనుకున్నాం.

ఆ తర్వాత థర్మోస్టాట్ మార్చారు. అది వేడిని బట్టి తెరుచుకుని నీళ్ళను వదిలే చిన్న బిళ్ళ. దాన్ని వంటింట్లో గిన్నెలో వేసి మరిగించి, తెరుచుకుంటోందా లేదా అని చూశారు. ఆ గిన్నె నేను మళ్ళీ వాడలేదు. తర్వాత రేడియేటర్ మూత మార్చారు. తర్వాత రేడియేటర్ మొత్తం కడిగారు. తుప్పునీళ్ళు వాకిలంతా పారాయి. ఒక్కో పని అయ్యాక వీధులన్నీ తిరిగొచ్చి, "అయిపోయింది, ఇంక పట్టుకోలేం దాన్ని," అనేవారు. వారం తిరిగి కొండ దగ్గరికి వెళ్ళగానే ముల్లు మళ్ళీ లేచేది. ఆగి ఆగి, ఎలాగోలా పాఠానికి చేరేవాళ్ళం.

మా ఇల్లు వీధికి దిగువన ఉంటుంది. గేటు దగ్గర్నుంచి ఇంటి మెట్ల దాకా సిమెంటు చేసిన వాలు. అత్తయ్య తన రోజుల్లో బండిని వెనక్కి దించేది, ముక్కు వీధి వైపు ఉండేది. ఆవిడ పడిపోయాక ఈయన ముక్కు కిందికి పెట్టి నేరుగా దింపుతున్నారు. అలా అయితే వెనక తలుపు సరిగ్గా మెట్ల పక్కకి వస్తుంది, ఆవిడని ఎక్కించడం సులువు. మరమ్మతులన్నీ అక్కడే, ఆ వాలు మీదే. టైర్ల కింద ఇటుకలు పెట్టేవారు.

అత్తయ్య కుర్చీ వరండాలో ఉండేది. ఈయన రేడియేటర్‌లో నీళ్ళూ కూలెంటూ కలిపి పోస్తుంటే ఆవిడ ముందుకి వంగేది.

"గాలి," అనేది. కాసేపు వెతుక్కుని, "పైకి," అనేది.

"గాలి పైకి?"

"గాలి. పైకి. పైకి!"

మొదట్లో టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టాం. కాలితో తన్నింది. ఫ్యాను ఎత్తు పెంచాం, స్టూలు మీద పెట్టి. అదీ తన్నింది. ఆ సాయంత్రం వదిన వచ్చింది, అంతా విని నుదురు కొట్టుకుంది.

"మేడ మీది గది అడుగుతోందిరా అమ్మ! అక్కడ రెండు వైపులా కిటికీలు, గాలి ధారాళంగా వస్తుంది. ఇంత చిన్న సంగతి మీ ఇద్దరికీ తట్టలేదా?"

మాకు సిగ్గేసింది. మర్నాడే గది దులిపించి, మంచం ఎక్కించి, కొత్త పరదాలు కట్టాం. ఆవిడని కుర్చీతో సహా ఎత్తుకుని పైకి చేర్చింది మా ఆయనా, మెకానిక్ బోల్టూ. బోల్టు అంటే వీధి మొదట్లో షెడ్డు ఉన్నాయన. ఏ బండి చూపించినా "బోల్టు లూజు" అంటాడని ఆ పేరు. మెట్ల మధ్యలో అత్తయ్య ఎడమ చేత్తో రెయిలింగు పట్టుకుని వదల్లేదు.

"భయం," అన్నాడు బోల్టు. "పెద్దవాళ్ళకి ఎత్తంటే భయం."

మా ఆయన ఒక్కో వేలూ మెల్లిగా విడదీశారు. "నేనున్నాను కదమ్మా."

పైన నిజంగానే మంచి గాలి. కిటికీ దగ్గర కూర్చోబెడితే కింద వాకిలి, బండి, బండి కింద కొడుకు పాదాలు కనిపిస్తాయి. ఇక తను దిగి రాలేదు. ఎవరైనా ఎత్తి దింపితేనే.

ఒక వారం బండి అసలు కదలనంది. అప్పుడు వదిన తన కారులో తీసుకెళ్ళింది. ఏసీ వేసుకుని, చప్పుడు లేకుండా కొండెక్కేశాం. ఈయన ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్నారు. మాటల టీచరు పాఠం చెప్పాక, వదిన కావాలనే మమ్మల్ని ఖాళీగా ఉన్న చివరి గది వైపు నడిపించింది. మెట్లు లేవు. తలుపు దాటితే పొడుగు వరండా, వరండాకి ఎదురుగా కొండ దారి, దాని మీద ఎక్కుతూ దిగుతూ బండ్లు. పక్క గదిలో ఒక రిటైరైన పోస్టుమాస్టరమ్మ ఉంది. ఆవిడకి మిగిలినవి రెండే మాటలు, "సరే సరే". ఏమన్నా అదే. మా అత్తయ్య వరండాలో కూర్చుని, దారి మీద గేరు మార్చలేక ఏడుస్తున్న ఒక లారీని చూపించి, ఏదో అర్థంకాని మాటతో ఘాటుగా తిట్టింది. "సరే సరే," అంది పోస్టుమాస్టరమ్మ. ఇద్దరూ నవ్వారు.

"ఇన్నాళ్ళకి ఎదురు చెప్పని స్టూడెంటు దొరికింది అమ్మకి," అంది వదిన.

ఈయన నవ్వలేదు. గదిలోకి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "ఇంటికి వెళ్ళాక హెడ్డు గాస్కెట్టు సంగతి చూడాలి," అన్నారు, ఎవరూ అడక్కుండానే.

హెడ్డు గాస్కెట్టు మాట బోల్టు అన్నది. ఇంజను రెండు ముక్కల మధ్య ఉండే రేకు కాలిపోయిందని, మొత్తం విప్పాలని, విప్పినా ఇంత పాత ఇంజను మళ్ళీ అతుక్కుంటుందన్న హామీ లేదని చెప్పాడు. బానెట్ మీద అరచెయ్యి వేసి, పోయినవాళ్ళ గురించి మాట్లాడినట్టు, "బాగా పనిచేసింది, పాపం," అన్నాడు. తూకానికి కొనేవాళ్ళెవరో తనకు తెలుసన్నాడు. మా ఆయన అతనికి టీ ఇప్పించి పంపేసి, మళ్ళీ బండి కింద దూరారు.

పరీక్షకి ఇంక కొద్దిరోజులే ఉంది. వదిన ఫోను చెయ్యడం మానేసింది. అది మంచి గుర్తు కాదు. నోరు మూసుకుందంటే తను గెలిచాననుకుంటోందని అర్థం.

ఒక రోజు మధ్యాహ్నం దుకాణం నుంచి వచ్చి, చల్లటి నీళ్ళ సీసా పట్టుకుని పైకి వెళ్ళాను. పల్చటి ప్లాస్టిక్ సీసా, మూత బిగించి ఉంది. దార్లో నేనే ఓ గుక్క తాగాను. అత్తయ్య కిటికీ చువ్వల్లోంచి కిందికి చూస్తోంది. ఈయన అప్పుడే మళ్ళీ కొత్త గొట్టం బిగించి కూలెంటు పోస్తున్నారు. బండి ముక్కు ఎప్పట్లాగే ఇంటివైపు, కిందికి.

"గాలి," అంది అత్తయ్య.

స్విచ్చు వైపు చెయ్యి చాచాను. ఫ్యాను అప్పటికే పూర్తి జోరులో ఉంది.

"ఇంతకంటే తిరగదు అత్తయ్యా."

ఆవిడ నావైపు చూసింది. ఎర్ర లైటు దగ్గర ఇంజను ఆగిపోయి బిక్కమొహం వేసిన వాళ్ళని చూసే చూపు అది. పెళ్ళైన కొత్తలో నాకు డ్రైవింగ్ నేర్పబోయి మానేసినప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడే. సీసా నా చేతిలోంచి లాక్కుంది. కిటికీ గట్టు మీద పడుకోబెట్టి మూత ఉన్న వైపు కిందికి వంచింది. సీసాలో ఉన్న కాస్త గాలి బుడగలా పాక్కుంటూ వెళ్ళి అడుగు వైపు చేరింది. ఆ బుడగ మీద వేలితో కొట్టింది.

"గాలి."

తర్వాత మూత వైపు ఎత్తింది. బుడగ పాక్కుంటూ మూత కిందికొచ్చి ఆగింది.

"పైకి."

పళ్ళతో మూత తియ్యబోతే నేనే తిప్పి తీశాను. గాలి ఎటు పోయిందో అడగక్కర్లేదు. ఆవిడ సీసాని అలాగే పట్టుకుని, దాని మూతితో కిందనున్న బండిని చూపించింది.

చూశాను. బండి తలకిందులుగా ఉన్న సీసాలాగే ఉంది. ఈయన పోస్తున్న చోటు అన్నిటికంటే కింద.

కిందికి దిగి వచ్చాను. తొందరేం పడలేదు. మెట్ల మీద ఆ రెయిలింగు తగిలితే చెయ్యి పక్కకి తీసుకున్నాను.

"ఏమండీ, అత్తయ్య గాలి అంటోంది."

"ఫ్యాను వెయ్యి."

"ఆవిడకి కాదు, బండికి."

ఆయన గరాటు పట్టుకునే ఆగిపోయారు.

"బండిలో గాలి ఉండిపోయిందట. మీరు ముక్కు కిందపెట్టి పోస్తుంటే వెనకెక్కడో ఎత్తున చిక్కుకుంటోంది. ముక్కు పైకి పెట్టమంటోంది."

"ఇంత అందా?"

"రెండు మాటలే అంది. మిగతాది సీసాతో చూపించింది."

ఆయన తలెత్తి మేడ వైపు చూశారు. అత్తయ్య చువ్వల వెనక కదలకుండా ఉంది. "పోసిన ప్రతిసారీ నిండుతూనే ఉంది కదా, ఇంకా గాలెక్కడ..." అని మొదలుపెట్టి, వాక్యం పూర్తిచెయ్యలేదు. గరాటు కింద పెట్టి, ఇటుకలు తీసి, బండిని వీధిలోకి ఎక్కించి, తిప్పి, వెనక్కి దించారు. ముక్కు గేటు వైపు లేచింది. ఇంజను పూర్తిగా చల్లబడ్డాక రేడియేటర్ మూత తెరిచి, హీటరు పూర్తిగా పెట్టి, స్టార్టు చేశారు.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత మూత లోపల్నుంచి బుడుంగుమని ఒకటి వచ్చింది. ఆపైన వరసగా, వంటింట్లో కుండ ఉడికినట్టు. మట్టం ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. ఈయన పోశారు. మళ్ళీ బుడగలు, మళ్ళీ పోశారు. ఎంతసేపు పట్టిందో చూడలేదు. బుడగలు ఆగాక బండి లోపలికి వంగి హీటరు ముందు చెయ్యి పెట్టి చూసి, వెంటనే తీసేశారు. సెగ కొడుతోంది.

"మొదట ఎప్పుడంది?" అని అడిగారు, చెయ్యి గుడ్డకి తుడుచుకుంటూ.

"మొదటిసారి కొండెక్కిన రోజే. అద్దాలు దించాం."

ఆయన ఆ గుడ్డతోనే ఒక్కో వేలూ చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత మేడెక్కి అమ్మని వీపు మీద మోసుకుని దించారు. మంచం కూడా ఆ సాయంత్రమే దిగింది. పరదాలు మాత్రం పైనే ఉండిపోయాయి.

కొండ దాకా ఒక్కరే వెళ్ళి చూసుకొచ్చి, స్పీకరు పెట్టి వదినకి ఫోను చేశారు. అమ్మ సీసాతో గాలి సంగతి చూపించిందని, ముల్లు సగం దగ్గరే నిలబడిందని, కదల్లేదని, ఎక్కినా దిగినా అంతేనని వివరంగా చెప్పారు.

"మొత్తానికి అమ్మ నీ గాలి తీసేసిందన్నమాట," అంది వదిన.

ఈయన నవ్వారు. ఆ వేసవిలో ఆయన నవ్వు వినడం అదే మొదటిసారేమో. తర్వాత వదిన గొంతు మారింది. "అయితే పైకి అంటే మేడ కాదన్నమాట," అంది. "పరీక్షకి నేను రానులే. మీరు వెళ్ళి రండి."

పరీక్ష రోజు బండి ఎక్కడా ఆగకుండా కొండెక్కింది. మాటల టీచరు బల్ల మీద బొమ్మల కార్డులు పరిచింది. గొడుగు చూపిస్తే అత్తయ్య "వాన" అంది. చెప్పు చూపిస్తే చాలాసేపు చూసి, "క్లచ్," అంది.

టీచరు పెన్ను కదపబోతే మా ఆయన అడ్డొచ్చారు. "తప్పు వెయ్యకండి మేడం. క్లచ్ నొక్కేది కాలే కదా, కాలికుండేది చెప్పు. కరెక్టే!"

దువ్వెనకి "ముల్లు" అంది. "పళ్ళున్నాయి కదండీ, ముళ్ళలాగే ఉంటాయి." పిల్లికి "నువ్వు" అంది. దానికి కూడా ఆయన ఏదో చెప్పబోయి ఆగారు. టీచరు నవ్వి పెన్ను పక్కన పెట్టింది.

"మీరు అన్నిటికీ అర్థం చెప్పేస్తున్నారు సార్. బాగానే ఉంది. కానీ ఆవిడ మాట ఆవిడకి వదలండి కాస్త."

అయినా మంచి మాటే చెప్పింది. మెరుగు ఉందట. ఇలాగే వారానికోసారి తీసుకొస్తానంటే ఇంట్లో ఉంచుకోవడానికి తనకేం అభ్యంతరం లేదట. మా ఆయన బండి తాళాలు గాల్లోకి ఎగరేసి పట్టుకున్నారు, కాలేజీ కుర్రాడిలాగా. టీచరుకి రెండుసార్లు నమస్కారం చేశారు.

అప్పటికి అత్తయ్య అలిసిపోయింది. కాసేపు నడుం వాలుస్తుందని చివరి గదిలో, ఖాళీ మంచం మీద కూర్చోబెట్టాం. పోస్టుమాస్టరమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుంది. ఈయన ఫారాలేవో సంతకం పెట్టి వచ్చి, చేతులు చాచారు.

"పదమ్మా, ఇంటికెళ్దాం."

అత్తయ్య చెయ్యి అందివ్వలేదు. "ఉంటా," అంది.

"ఆఁ, చెప్పు, చెప్పు. స్నేహితురాలికి చెప్పి రావాలి కదా." ఈయన పోస్టుమాస్టరమ్మ వైపు తిరిగి నవ్వారు. "ఉంటానని చెబుతోందండీ మీకు."

"సరే సరే," అంది ఆవిడ.

"ఉంటా," అంది అత్తయ్య మళ్ళీ. ఈసారి కొడుకు మొహంలోకి చూస్తూ.

చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. "ఫోను పెట్టేసేటప్పుడు అంటాం చూడు, ఉంటా మరి అని, అదే అంటోంది," అన్నారు నాతో. "అలవాటు మాటలు వాటంతటవే వస్తాయట, డాక్టరు కూడా చెప్పాడు. కదూ? వెళ్దామనే కదా?"

నేను ఆవిడనీ ఆయన్నీ చూశాను. దుకాణంలో కళ్ళు పరీక్షించేటప్పుడు ఎదుటివాళ్ళు చదివిన అక్షరమే రాసుకుంటాను. అది నాకు కనిపించేదానితో కలిసినా కలవకపోయినా అంతే.

"నన్నెందుకు అడుగుతారు? ఆవిడ ఎదురుగా ఉందిగా," అన్నాను.

ఆయన మంచం ముందు కిందకే కూర్చున్నారు. గొంతు సవరించుకున్నారు. ఆ చలికాలం నుంచి మా ఇంట్లో ఆవిడని ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగడం అదే మొదలు.

"అమ్మా, ఇంటికొస్తావా? ఇక్కడుంటావా?"

అత్తయ్య తొందరపడలేదు. పెదవులు కదిలాయి, మాట దొరకలేదు, మళ్ళీ వెతుక్కుంది. మేం ఎవరమూ అందివ్వలేదు. ఈలోపల ఎడమ కాలితో కుడి కాలి చెప్పు విప్పింది. ఎడమది కూడా విదిలించింది. రెంటినీ మంచం కిందికి, గోడ దాకా నెట్టింది. బయట దారి మీద ఎవరో గేరు తప్పు వేస్తే, అటు చూసి మొహం చిట్లించి, మళ్ళీ కొడుకు వైపు తిరిగింది.

"ఇక్కడ," అంది.

"నేను సరిగా చూసుకోలేదనా?"

దానికి ఆవిడ తల అడ్డంగా ఊపింది. కానీ మాట మార్చుకోలేదు.

"మరి ఈ బండంతా దేనికి బాగుచేశాను?" అన్నారు ఆయన, ఎవరినని కాకుండా.

నేను బండి దగ్గరికెళ్ళి, ఆవిడ దిండ్లూ, అవసరానికి ఎప్పుడూ వెంట తెచ్చే బట్టల సంచీ తెచ్చాను. సెంటరు పనమ్మాయి దుప్పటి మార్చింది. టీచరు వచ్చి, రోజూ పాఠం ఎప్పుడో, ఎప్పుడు చూడ్డానికి రావచ్చో చెప్పి వెళ్ళింది. వదినకి నేనే ఫోను చేసి చెప్పాను. తను గెలిచినట్టు మాట్లాడలేదు, నిజమా అని ఒకటికి రెండుసార్లు అడిగింది, అంతే. ఇక మేం చెయ్యాల్సింది ఏమీ మిగల్లేదు. అత్తయ్య కిటికీ వైపు చూపించి చెయ్యి ఊపింది, బయల్దేరమని.

మా ఆయన కదల్లేదు.

"కాసేపు ఆగుదాం," అన్నారు. "ఇంజను చల్లారాలి."

ఇంజను వేడెక్కనే లేదు. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కిటికీలోంచి బండిని చూస్తున్న అత్తయ్యకి అందరికంటే బాగా తెలుసు. ఆవిడ ఒకసారి కొడుకుని చూసి, మంచం మీద కొంచెం పక్కకి జరిగింది.